తలారి నుంచి కానిస్టేబుల్ దాకా: మా సరిహద్దు ఊళ్ళలో ఖాకీ ఉద్యోగం కథ

మా ఇంటి చరిత్రలో సేద్యం చేసినోళ్ళున్నారు, గనుల దగ్గర లారీ తోలినోళ్ళున్నారు, బడిపంతుళ్ళున్నారు. ఇప్పుడు ఖాకీ బట్టల కోసం చీకటితోనే లేచి పరిగెత్తే పిల్లలు కూడా ఉన్నారు. పదో తరగతి, పీయూసీ అయిపోయిన పిల్లలు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: "మనం తెలుగోళ్ళం కదా, ఇక్కడ పోలీసు ఉద్యోగం మనకొస్తుందా?" ఒక్క మాటలో చెప్పాలంటే, వస్తుంది. అయితే ఆ జవాబు వెనక రెండు వందల ఏళ్ళ కథ ఉంది. అది తెలిస్తే ఎట్ల తయారు కావాలో కూడా తెలుస్తుంది.

తలారి కాలం

పోలీసు స్టేషన్లు రాకముందు మన సీమలో ఊరి కాపలా తలారిది. తెలుగు ఊరైతే తలారి, కన్నడ ఊరైతే తళవార. పేరులో ఒక అక్షరం అటూఇటూ అయినా పని ఒక్కటే. రాత్రి గస్తీ తిరగాలి, కొత్త మనిషి ఊళ్ళోకొస్తే పెద్దరెడ్డికో గౌడకో చెప్పాలి, పశువులు పోతే అడుగుజాడలు పట్టుకుని పోవాలి. దొంగను పట్టియ్యలేకపోతే పోయిన సొమ్ముకు కావలివాళ్ళే నష్టం కట్టాలనే కట్టుబాటు కూడా ఉండేది. జీతం బదులు ఇనాం భూమి, కళ్ళంలో మేర. ఆ పని వంశపారంపర్యం కాబట్టి తయారీ, పరీక్ష అనే మాటలే లేవు.

1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి దత్తం చేశాడు. దత్తమండలానికి ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 దాకా పనిచేశాడు. పాళెగాళ్ళ చేతుల్లో ఉండిన కావలి హక్కు వాళ్ళ చేయి జారింది. 1816 నాటి మద్రాసు 11వ రెగ్యులేషన్‌తో పోలీసు అధికారం కలెక్టరు, తాసీల్దారు, ఊరి పెద్ద, తలారి అనే వరసలో చేరింది. అంటే పాత తలారినే సర్కారు తన మనిషిగా చేసుకుంది అన్నమాట.

1859లో మద్రాసు రాజధానిలో జిల్లా పోలీసు చట్టం వచ్చింది. అప్పటి నుంచి రెవెన్యూ వేరు, పోలీసు వేరు. జిల్లాకొక సూపరింటెండెంటు, కింద యూనిఫాం వేసుకుని నెలజీతం తీసుకునే కానిస్టేబుళ్ళు. 1902–03లో ఫ్రేజర్ కమిషన్ దేశమంతా తిరిగి పోలీసుల పరిస్థితి చూసింది. చదువుకున్న యువకులను నేరుగా సబ్ ఇన్‌స్పెక్టర్లుగా తీసుకోవాలని, శిక్షణ పాఠశాలలు నడపాలని చెప్పింది. మన ఇళ్ళల్లో "హైస్కూలు చదివితే పోలీసులో చేరొచ్చు" అనే మాట పుట్టింది ఆ మార్పుల తర్వాతే. బళ్ళారి జిల్లా నుంచి ఎస్సైగా ఎంపికైనవాళ్ళు మద్రాసు రాజధాని శిక్షణ పాఠశాల ఉన్న వేలూరుకు పోయేవాళ్ళు.

గీత మారింది, రాత మారింది

మా సండూరు కథ కొంచెం వేరు. ఇది ఘోర్పడేల సంస్థానం. చుట్టూ మద్రాసు రాజధాని జిల్లా ఉన్నా, ఇది 1949లో గానీ బళ్ళారి జిల్లాలో కలవలేదు. కలిసి నాలుగేళ్ళు తిరిగేసరికి ఇంకో మార్పు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు పోయాయి. మిగిలిన జిల్లా మైసూరు రాష్ట్రంలో చేరింది. బళ్ళారి తాలూకా ఎటు పోవాలనే తగువు తేల్చడానికి జస్టిస్ మిశ్రా విచారణ కూడా జరిగింది. 1956లో మైసూరు రాష్ట్రం పెద్దదయింది, 1973లో దాని పేరు కర్ణాటక అయింది.

ఇట్ల చూస్తే 1949కి ముందు తారానగర్‌లో పుట్టిన మనిషి ఊరు కదలకుండానే సంస్థానం, మద్రాసు, మైసూరు, కర్ణాటక అన్నీ చూశాడు. మా పెద్దలు అదే చెప్పేవాళ్ళు: "ఇల్లు అక్కడే ఉంది నాయనా, సర్కారే వచ్చి పోతాండింది." కానీ ఉద్యోగం దగ్గర ఆ గీత నిజంగానే తేడా తెచ్చింది. మద్రాసు కాలంలో బళ్ళారి కచేరీలలో ఇంగ్లీషు పక్కన తెలుగు, కన్నడ రెండూ నడిచేవి. బళ్ళారి రాఘవ అంటే మనకు నటుడే గుర్తొస్తాడు. ఆయన పేరున్న క్రిమినల్ వకీలు కూడా, పబ్లిక్ ప్రాసిక్యూటరుగానూ పనిచేశాడు. సాక్షి తెలుగులో చెప్పినా, కన్నడలో చెప్పినా ఆ కోర్టుకు కొత్త కాదు. 1953 తర్వాత స్టేషన్ రాత మెల్లగా కన్నడమయింది. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లవాడికి కన్నడం చక్కగా రాయడం రాకపోతే ఖాకీ దారి మూసుకుపోయినట్టే అయింది.

లోకల్ అంటే ఎవరు?

పిల్లలు అడిగే ప్రశ్నకు అసలు జవాబు ఇక్కడుంది. ఈ ఉద్యోగాల్లో "లోకల్" అనేది మాతృభాషను బట్టి రాదు. ఎక్కడ పుట్టారు, ఎక్కడ చదివారు, ఎన్నాళ్ళున్నారు అనేదాన్ని బట్టి వస్తుంది.

ఆంధ్రలో 371డి అధికరణం కింద స్థానికులకు ప్రాధాన్యం. మన పిల్లలు తెలుగు ఎంత బాగా రాసినా అక్కడ స్థానికేతరులే. ఇక్కడ 2012 నాటి 98వ రాజ్యాంగ సవరణతో 371జె అధికరణం వచ్చింది. బీదర్, కలబురగి, యాదగిరి, రాయచూరు, కొప్పళంతో పాటు బళ్ళారి కూడా అందులో ఉంది. ఇప్పుడు కల్యాణ కర్ణాటక అంటున్నది ఈ ప్రాంతాన్నే. ఇక్కడ పుట్టినవాళ్ళకూ, కనీసం పదేళ్ళు కాపురమున్నవాళ్ళకూ అసిస్టెంట్ కమిషనర్ ఆఫీసు అర్హత పత్రం ఇస్తుంది. పోలీసు నోటిఫికేషన్లలో కూడా ఈ ప్రాంతానికి పోస్టులు వేరుగా చూపిస్తారు. తెలుగు ఇంటి పిల్లకైనా, కన్నడ ఇంటి పిల్లకైనా ఆ పత్రం ఒక్కటే.

ఇంకొక సంగతి తల్లిదండ్రులు గమనించాలి. కర్ణాటకలో ఒకటి నుంచి పది దాకా పల్లె బడిలో చదివినవాళ్ళకు గ్రామీణ కోటా ఉంది, కన్నడ మీడియంలో చదివినవాళ్ళకు వేరే కోటా ఉంది. "ఆంధ్రలో హాస్టల్లో వేస్తే బాగా చదువుతాడు" అని ఆరేళ్ళ పిల్లవాణ్ణి పంపినప్పుడు, పద్దెనిమిదో ఏట వాడికి రావాల్సిన కోటాను కూడా అప్పుడే వదులుకుంటున్నామని చాలామందికి తెలియదు. పంపొద్దని మేము చెప్పడం లేదు. తెలిసి పంపండి అంటున్నాం.

పరుగు, పరీక్ష

2011 జులైలో సుప్రీంకోర్టు బళ్ళారి జిల్లాలో ఇనుప ఖనిజం తవ్వకాన్ని ఆపేసింది. అంతకుముందు పది చదివి మానేసినా లారీ మీదో, వేబ్రిడ్జి దగ్గరో పని దొరికేది. గనులు ఆగిన రోజుల్లో చాలా ఇళ్ళల్లో పిల్లలు మళ్ళీ పుస్తకం పట్టారు. సర్కారు జీతం విలువ అప్పుడు తెలిసొచ్చింది.

కర్ణాటకలో సాయుధ కానిస్టేబుల్‌కు పదో తరగతి, సివిల్ కానిస్టేబుల్‌కు పీయూసీ, ఎస్సైకి డిగ్రీ ఉండాలి. కానిస్టేబుల్ దేహదార్ఢ్య పరీక్షలో మగపిల్లలు 1600 మీటర్లు ఆరున్నర నిమిషాల్లో పరిగెత్తాలి. లాంగ్ జంప్ 3.80 మీటర్లు దూకాలి, లేదా హై జంప్ 1.20 మీటర్లు. 7.26 కిలోల ఇనుప గుండు 5.60 మీటర్లు విసరాలి. ఆడపిల్లలకు 400 మీటర్లు రెండు నిమిషాల్లో, లాంగ్ జంప్ 2.50 మీటర్లు, 4 కిలోల గుండు 3.75 మీటర్లు. సరిహద్దు అవతల ఆంధ్రలో మన బంధువుల పిల్లలకు అదే 1600 మీటర్లకు ఎనిమిది నిమిషాల గడువుంది. వాళ్ళ లెక్క చూసి మనం నింపాదిగా ఉంటే కుదరదు. నారిహళ్ళ డ్యాము దగ్గర పెరిగిన పిల్లలకు ఎత్తుపల్లాలు కొత్త కాదు. కానీ గట్టెక్కే కాలు వేరు, గడియారంతో పరిగెత్తే కాలు వేరు. ఆరు నెలలన్నా టైము చూసుకుని పరిగెత్తాలి. కొలతలు, వయసు లెక్క ఒక్కోసారి మారతాయి కాబట్టి కొత్త నోటిఫికేషన్ పూర్తిగా చదవండి.

రాత పరీక్ష వంద మార్కులకు. ఎస్సైకైతే ఒక పేపర్లో వ్యాసం, సంక్షిప్తం, కన్నడ–ఇంగ్లీషు అనువాదం ఉంటాయి. రెండు భాషల మధ్య పెరిగిన పిల్లలకు అనువాదం అలవాటైన పనే, కన్నడం చేత్తో రాసే సాధన ఉంటే చాలు.

దళారులకు మాత్రం ఒక్క రూపాయి ఇవ్వొద్దు. 545 ఎస్సై పోస్టులకు 2021 అక్టోబరులో పరీక్ష జరిగింది. అక్రమాలు బయటపడి 2022 ఏప్రిల్లో రద్దయింది. మళ్ళీ పరీక్ష 2024 జనవరిలో గానీ జరగలేదు. డబ్బు ఇచ్చినోళ్ళు కేసుల్లో ఇరుక్కున్నారు. నిజంగా చదివి పాసైనోళ్ళు రెండేళ్ళకు పైగా ఆ ఉద్యోగం కోసం ఎదురుచూసి, మళ్ళీ మొదటి నుంచి రాశారు.

స్టేషన్లో తెలుగు

ఇంతా చదివి, "అయితే తెలుగు దేనికి పనికొస్తుంది?" అని అడగొచ్చు. పరీక్ష దాకా దానికి మార్కులు లేవు, నిజమే. స్టేషన్లో అడుగుపెట్టినాక దాని పని మొదలవుతుంది. ఫిర్యాదు నోటిమాటగా చెబితే రాసుకుని, చెప్పినవాళ్ళకు చదివి వినిపించాలని చట్టం. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 154వ సెక్షన్లో అదే ఉంది, 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన కొత్త సంహిత 173లోనూ అదే ఉంది. గొలుసు పోయిన అవ్వ తెలుగులో చెబుతుంది, రైటరు కన్నడంలో రాస్తాడు. ఆమె చెప్పిందే కాగితం మీదికి వచ్చిందా అనేది రెండు భాషలూ తెలిసిన కానిస్టేబుల్ మీద ఆధారపడి ఉంటుంది. ఆ మనిషి లేని రోజు ఆమె వేలిముద్ర వేసి ఇంటికి పోతుంది, ఏం రాశారో తెలియకుండానే. తలారీ, తళవారా ఒకే గస్తీ తిరిగిన ఈ సీమలో అటువంటి మనిషి అవసరం ఎప్పుడూ ఉంది.

అందుకని ఇంట్లో తెలుగు వదలొద్దు, బళ్ళో కన్నడం నిర్లక్ష్యం చేయొద్దు. ట్రంకుపెట్టెల్లో ఉన్న పాత టీసీలు, రేషన్ కార్డులు, పట్టా కాగితాలు, కందాయం రసీదులు పారెయ్యకుండా భద్రంగా పెట్టండి. అవి కుటుంబ చరిత్రకు ఆధారాలు. రేపు మన పిల్ల అర్హత పత్రానికి అర్జీ పెట్టుకున్నప్పుడు, ఈ ఊరిదేనని చూపించేవీ అవే.