పోర్చుగల్ చర్చి రిజిస్టర్లలో తండ్రి పేరు లేని పూర్వీకుల అన్వేషణ

పోర్చుగల్ దేశపు పాత చర్చి రిజిస్టర్లలో కొందరు శిశువులకు తండ్రి పేరు ఉండవలసిన చోట "పాయ్ ఇంకోగ్నితో" అనే మాట కనిపిస్తుంది. "తండ్రి అజ్ఞాతుడు" అని దీని అర్థం. వంశవృక్షం తయారు చేసుకొనేవారు సాధారణంగా ఆ శాఖ అక్కడితో ముగిసినదని భావిస్తారు. కాని ఆ తండ్రి ఎవరో ఎవరికీ తెలియదని ఈ మాట చెప్పడం లేదు. అతని పేరు ఆ పుస్తకంలో వ్రాయలేదని మాత్రమే చెబుతున్నది. కొన్ని సందర్భాలలో ఆ పేరు వేరొక పత్రంలో లభించే అవకాశం కలదు.

రిజిస్టర్ల చరిత్ర

కాథలిక్ విచారణలలో జ్ఞానస్నానాలను, వివాహాలను పుస్తకాలలో నమోదు చేయవలెనని 1563లో ట్రెంట్ మహాసభ నిర్ణయించినది. పోర్చుగల్‌లో కొన్ని విచారణల పుస్తకాలు అంతకంటె పాతవి. 1859 నాటి ప్రభుత్వ ఆదేశం ప్రకారం 1860 నుండి దేశమంతటా ఒకే నమూనాలో, రెండు ప్రతులుగా వ్రాయసాగారు. అప్పటి నుండి శిశువు తాత, అమ్మమ్మ, నాయనమ్మల పేర్లు క్రమంగా కనిపిస్తాయి. 1911లో పౌర నమోదు తప్పనిసరి అయినది. చర్చి పుస్తకాలు ప్రభుత్వపరమై, అనంతరం జిల్లా ఆర్కైవులకు, లిస్బన్‌లోని తోర్రె దో తోంబో జాతీయ ఆర్కైవుకు చేరినవి. వీటిలో చాలా పుస్తకాల ఛాయాచిత్రాలను అంతర్జాలంలో ఉచితంగా చూడవచ్చును.

రిజిస్టర్లలోని పదాలు

* ఫిల్యో లెజీతిమో: వివాహిత దంపతుల బిడ్డ.
* ఫిల్యో నతురాల్: అవివాహితులైన తల్లిదండ్రుల బిడ్డ. వారి వివాహానికి చట్టపరమైన అడ్డంకి లేదు.
* ఫిల్యో ఎస్పూరియో: తల్లిదండ్రులు వివాహం చేసుకొనుటకు వీలులేని స్థితిలో పుట్టిన బిడ్డ. ఉదాహరణకు తండ్రి వేరొకరి భర్త గాని, మతగురువు గాని అయినప్పుడు.
* ఎస్పోస్తో లేక ఎంజెయితాదో: విడిచిపెట్టబడిన శిశువు. ఇక్కడ తల్లి పేరు కూడా ఉండదు.

గురువులందరూ ఈ పదాలను ఒకే కచ్చితత్వంతో వాడలేదు. కనుక ఒక్క పదాన్ని బట్టి నిర్ణయానికి రాకూడదు.

పేరు వ్రాయకపోవడానికి కారణాలు

వివాహేతర శిశువు విషయంలో పురుషుడు తానే అంగీకరించనిదే అతని పేరు నమోదు కావడం అరుదు. ఇందులో పరువుతో పాటు ఆస్తి సమస్య కూడా ఉన్నది. 1603 నాటి ఫిలిప్పైన్ శాసనాల ప్రకారం సామాన్యుల "నతురాల్" బిడ్డలకు తండ్రి ఆస్తిలో వాటా కలదు, ప్రభువంశీకుల బిడ్డలకు లేదు. 1867 నాటి సివిల్ కోడ్ కొన్ని మినహాయింపులతో పితృత్వ విచారణనే నిషేధించినది. తండ్రి వ్రాతపూర్వక అంగీకారం ఆ మినహాయింపులలో ఒకటి.

"అజ్ఞాత" అనే మాటను యథాతథంగా తీసుకోరాదనుటకు ప్రసిద్ధ నవలాకారుడు ఎస్సా ద కైరోస్ మంచి ఉదాహరణ. 1845లో జన్మించిన ఆయన జ్ఞానస్నాన పత్రంలో తండ్రి పేరు ఉన్నది, తల్లి మాత్రం "అజ్ఞాత". ఆమె ఎవరో కుటుంబానికి తెలియనిది కాదు. ఆ తల్లిదండ్రులే 1849లో వివాహం చేసుకొన్నారు.

అన్వేషణ విధానం

1. జ్ఞానస్నాన నమోదును పూర్తిగా చదవవలెను. తల్లి స్వగ్రామం, ఆమె తల్లిదండ్రులు, జ్ఞాన తల్లిదండ్రులు, సాక్షుల పేర్లు వ్రాసుకోవలెను. పుట అంచున తరువాతి కాలంలో చేర్చిన గమనికలను విడిచిపెట్టరాదు.
2. తల్లి తరువాతి వివాహాన్ని వెదకవలెను. తల్లిదండ్రులు పిదప వివాహమాడితే బిడ్డకు సక్రమత్వం లభించేది. ఆ విషయం వివాహ పత్రంలో ఉండవచ్చు.
3. బిడ్డ పెద్దవాడైన పిదప జరిగిన వివాహం, మరణం, అతని సంతానపు జ్ఞానస్నానాలు చూడవలెను. మొదట లేని పేరు ఇక్కడ కనిపించవచ్చు.
4. నోటరీ పుస్తకాలలో వీలునామాలు, బిడ్డను తనదిగా అంగీకరించే "పెర్ఫిల్యసావ్" పత్రాలు ఉంటాయి. రాజు మంజూరు చేసిన సక్రమత్వ పత్రాలు తోర్రె దో తోంబోలోని రాజ పత్రాలయ పుస్తకాలలో ఉన్నవి.
5. వంశంలో ఎవరైనా మతగురువు అయి ఉంటే, గురుపట్టానికి ముందు అతని పుట్టుకపై జరిపిన విచారణ పత్రాలు మేత్రాసన దస్తరాలలో లభించవచ్చు.

విడిచిపెట్టబడిన శిశువులు

గోడలో అమర్చిన తిరిగే పెట్టెను "రోదా" అనేవారు. బయటివారు శిశువును అందులో ఉంచి త్రిప్పితే, లోపలివారు తీసుకొనేవారు; ఒకరినొకరు చూడరు. పట్టణాలలో ఇవి ఏర్పాటు చేయవలెనని 1783లో పోలీసు అధిపతి పీనా మనీక్ ఆదేశించాడు. తల్లి కొన్నిసార్లు చీటీ, రిబ్బను, సగం కత్తిరించిన పతకం వంటి గుర్తును బిడ్డతో ఉంచేది. మళ్ళీ తీసుకొని వెళ్ళగలనన్న ఆశ ఆ గుర్తులో ఉన్నది. 1498లో స్థాపించబడిన లిస్బన్ మిజెరికోర్దియా సంస్థ ఆర్కైవులో ఇటువంటి గుర్తులు భద్రపరచబడి ఉన్నవి.

జాగ్రత్తలు

జ్ఞాన తండ్రి పేరే బిడ్డకు పెట్టినంత మాత్రాన అతడే కన్నతండ్రి అని అనుకోరాదు. ఇంటిపేరు కలవడం కూడా రుజువు కాదు. పురుష సంతతి ద్వారా సంక్రమించే వై క్రోమోజోమ్ పరీక్ష ఒక కుటుంబంతో సంబంధాన్ని సూచించగలదు గాని, అన్నదమ్ములలో తండ్రి ఎవరో సాధారణంగా తేల్చలేదు. రుజువు దొరకనప్పుడు తండ్రి స్థానాన్ని ఖాళీగా ఉంచి, తల్లి వంశాన్ని కొనసాగించుట సరియైన పద్ధతి.

నేటి స్థితి

1976 నాటి పోర్చుగల్ రాజ్యాంగం 36వ అధికరణం వివాహేతర సంతానంపై వివక్షను నిషేధించినది. పుట్టుకను బట్టి కించపరచే పదాలను చట్టంలో గాని, ప్రభుత్వ కార్యాలయాలలో గాని వాడరాదని కూడా ఆ అధికరణం నిర్దేశించినది.