క్రిస్మసు తాత పుట్టుపూర్వోత్తరములు

డిసెంబరు నెల వచ్చినదనగా మన పట్టణములందలి అంగళ్లలో తెల్లని గడ్డముతో, ఎఱ్ఱని అంగీతో ఒక తాత కనబడును. ఆయన ఉత్తర ధ్రువమువాడని పిల్లలు నమ్ముదురు. కాని ఆయన కథ పుట్టినది మధ్యధరా సముద్రపు టొడ్డున.

నేటి టర్కీదేశపు దక్షిణ తీరమున మైరా యను పట్టణ ముండెను. నాల్గవ శతాబ్దమున నికొలాసు అను నాయన యచట బిషప్పు. ఆయనను గూర్చి చరిత్రకు నిక్కముగా దెలిసినది మిక్కిలి స్వల్పము. జనులు చెప్పుకొనిన కథలు మాత్రము కోకొల్లలు. వానిలో నొకటి వినుడు. ఒక గృహస్థు ఉన్నదంతయు పోగొట్టుకొనెను. ఆయనకు ముగ్గురు కుమార్తెలు. కట్నమిచ్చుటకు చేత కాసు లేదు. కట్నము లేనిదే వరుడు రాడు. ఆ తండ్రి బాధ యెట్టిదో మన యిండ్లలో వేఱుగ వివరింప నక్కఱలేదు. గత్యంతరము లేక బిడ్డలను పడుపువృత్తిలో దింపుటకు ఆయన సిద్ధపడెను. ఆ సంగతి విన్న నికొలాసు చీకటిలో వచ్చి, కిటికీగుండ బంగారు మూట యొకటి లోనికి విసరి పోయెను. పెద్దపిల్ల పెండ్లి జరిగెను. రెండవదాని పెండ్లియు నట్లే జరిగెను. మూడవమారు తండ్రి పొంచియుండి, వెంటబడి, ఆయన పాదములు పట్టుకొనెను. తాను బ్రతికియున్నంతకాలము ఈ మాట యెవరికిని చెప్పవలదని నికొలాసు వేడుకొనెనట! క్రిస్మసు కానుకలు పిల్లలు నిద్రించువేళ గుట్టుగా వచ్చుటకు మూలము ఈ గుట్టేయని నా అభిప్రాయము.

1087లో బారీ పట్టణపు నావికులు ఆయన యెముకలను ఇటలీకి గొనిపోయిరి. దానితో పశ్చిమ ఐరోపాలో ఆయన కీర్తి యింకను హెచ్చెను. హాలెండులో డిసెంబరు 5వ తేది ఆయన రాత్రి. అచటి పిల్లలు ఆయన గుఱ్ఱమునకని జోళ్లలో గడ్డియో, క్యారెట్టుదుంపయో పెట్టి పండుకొందురు. తెల్లవారునప్పటికి వానిలో మిఠాయి యుండును.

జర్మనీలో మార్టిన్ లూథరు పక్షమువారికి పునీతుల ఆరాధన సరిపడలేదు. కానుకలు నికొలాసు చేతినుండి గాక బాలక్రీస్తు చేతినుండి రావలెననిరి. దినమును క్రిస్మసునకు జరిపిరి. చిత్రమేమనగా, కాలక్రమమున ఆ బాలక్రీస్తే కతోలికుల దక్షిణ జర్మనీకిని ఆస్ట్రియాకును చేరెను. ప్రొటెస్టంటుల ఉత్తరమున గడ్డపు తాతయే నిలిచెను. పెద్దల తగవు ఎట్లు తిరిగినను పిల్లల మూటకు లోపము రాలేదు.

అమెరికాలో మసాచుసెట్సు వలసవారు 1659లో క్రిస్మసు జరుపుకొన్నవారికి ఐదు షిల్లింగుల జుల్మానా విధించిరి. 1681లో ఆ శాసనము రద్దయ్యెను. ఒకప్పుడు డచ్చివారిదైన న్యూయార్కులో మాత్రము, 1809లో వాషింగ్టన్ ఇర్వింగు అను హాస్యరచయిత నికొలాసును తన గ్రంథమున మరల నడిపించెను. 1823లో ట్రాయి పట్టణపు పత్రికలో పేరులేక వెలువడిన యొక గేయము ఆయనకు ఎనిమిది జింకల బండి నొసగెను. డచ్చివారి సింటర్‌క్లాసే ఇంగ్లీషున సాంటాక్లాసు. 1931లో ఒక పానీయపు కంపెనీ ప్రకటనలే ఆయనకు ఎఱ్ఱయంగీ తొడిగెనని కొందఱు చెప్పుదురు గాని అది నిజము కాదు. అంతకుముందు పత్రికల బొమ్మలలోను ఆ అంగీ కలదు.

రష్యాలో విప్లవానంతరము ప్రభుత్వము క్రిస్మసు చెట్టును గర్హించెను. 1935 డిసెంబరులో పోస్తిషెవు అను నాయకుడు ప్రావ్దా పత్రికకు జాబు వ్రాసి, పిల్లలకు నూతన సంవత్సరపు చెట్టు నిలుపుడని కోరెను. చెట్టుతోపాటు వారి మంచు తాతయు మరల వచ్చెను. ఈసారి మనుమరాలిని గూడ వెంటబెట్టుకొని.