రంప దేశం, లెసోతో: ఒకే ఏళ్లలో తిరగబడ్డ రెండు కొండసీమలు



గ్రూప్స్ మెటీరియల్‌లో రంప తిరుగుబాటు అంటే ఒక బిట్టు. సంవత్సరం 1879, నాయకుడు తమ్మన్నదొర, కారణం కల్లు పన్ను. అశోక్‌నగర్ కోచింగ్‌లో రాసుకుంటాం, చిక్కడపల్లి లైబ్రరీలో కూర్చుని బట్టీ పెడతాం, పరీక్ష రాసి మర్చిపోతాం. కానీ అదే ఏళ్లలో ఆఫ్రికాలో ఒక చిన్న కొండదేశం కూడా అదే ఇంగ్లీషోళ్ల ప్రభుత్వం మీద తిరగబడింది. అది ఇవాళ ఐక్యరాజ్యసమితిలో సొంత జెండా ఉన్న దేశం. మన రంప మాత్రం మ్యాపులో ఏజెన్సీ ఏరియా. ఈ తేడా ఎక్కడ వచ్చిందో ఒకసారి ఓపిగ్గా చూద్దాం.

ముందు ఆ దేశం సంగతి. పేరు లెసోతో. చుట్టూ నాలుగు దిక్కులా దక్షిణాఫ్రికానే. విస్తీర్ణం 30,355 చదరపు కిలోమీటర్లు, అంటే మన తెలంగాణలో నాలుగో వంతు కంటే కాస్త ఎక్కువ. దేశం మొత్తంలో అన్నిటికన్నా పల్లంగా ఉన్న చోటు కూడా సముద్రమట్టానికి 1,400 మీటర్ల ఎత్తులో ఉంటుంది. దేశమంతా వెయ్యి మీటర్లకు పైనే ఉన్నది ప్రపంచంలో ఇదొక్కటే.

1824లో మొషూషూ అనే నాయకుడు థాబా బొసియు అనే కొండెక్కి కోట కట్టుకున్నాడు. యుద్ధాలతో చెల్లాచెదురైన తెగలను చేరదీసి బసోతో అనే ఒక్క జాతిని చేశాడు. పల్లపు భూములను తెల్ల రైతులు ఆక్రమిస్తుంటే తట్టుకోలేక 1868లో బ్రిటిష్ రక్షణ కిందికి వెళ్లాడు. అప్పటికే మంచి సాగుభూమి చాలా పోయింది. 1871లో ఆ దేశాన్ని కేప్ కాలనీ చేతిలో పెట్టారు. 1880లో ఆ కాలనీ ప్రభుత్వం మీ తుపాకులు అప్పగించండి అంది. బసోతో ఇవ్వం అన్నారు. యుద్ధం 1881 దాకా సాగింది. కాలనీ గెలవలేకపోయింది. 1884లో దేశం మళ్లీ నేరుగా బ్రిటన్ కిందికి వచ్చింది. తుపాకులు బసోతో దగ్గరే ఉన్నాయి. 1966 అక్టోబర్ 4న స్వతంత్ర దేశమైంది.

ఇప్పుడు రంపకు వద్దాం. గోదావరికి ఉత్తరాన, ఇవాళ్టి రంపచోడవరం చుట్టూ ఉన్న కొండలే పాత రికార్డుల్లోని రంప దేశం. కొండరెడ్లు, కోయలు, కొండదొరలు ఉండే సీమ. కొన్ని ఊళ్లు కలిస్తే ఒక ముఠా, దానికి పెద్ద ముఠాదారు. వాళ్ల మీద మన్సబ్దారు. 1813లో కంపెనీ ప్రభుత్వం రాంభూపతిదేవ్ అనే మన్సబ్దారుకు పేష్కషు లేకుండా ఊళ్లు ఇచ్చింది. 1835లో ఆయన పోయాక వారసత్వం గొడవలు నడిచాయి. చివరికి 1848లో ఆయన కొడుకును మన్సబ్దారుగా ఒప్పుకునేలా ముఠాదారులతో రాజీ చేయించారు.

ఆ మన్సబ్దారే ముఠాదారుల చేతుల్లోంచి ముఠాలు లాక్కోవడం మొదలుపెట్టాడు. కల్లు గీస్తే చిగురుపన్ను అన్నాడు. చాలదని దానిమీద మొదలుపన్ను వేశాడు. ఇది తాగుడు గొడవ అని తేలిగ్గా తీసేయకండి. ఎండాకాలం గింజలు అయిపోయినప్పుడు కొండల్లో కడుపు నింపేది జీలుగు కల్లు, జీలుగు పిండి, మామిడి టెంక పిండి. చెట్టు మీద పన్ను అంటే కూడు మీద పన్నే.

రెండో దెబ్బ అప్పులు. పల్లం నుంచి వచ్చిన వ్యాపారులు ఉప్పో బట్టో అరువిచ్చి, కాగితాల మీద వేలిముద్రలు వేయించుకుని, పల్లంలోని కోర్టులో దావా వేసేవారు. కొండమీది మనిషికి దావా సంగతే తెలిసేది కాదు. అతను లేకుండానే డిక్రీ వచ్చేది. పోలీసులను వెంటేసుకొచ్చి పశువులను తోలుకుపోయేవారు. ఐదు రూపాయల అప్పుకు వంద రూపాయల పశువులు, పంట పట్టుకుపోయారని ఆ రోజుల్లో చెప్పుకున్నారు.

మూడోది పోడు. 1874లో భద్రాచలం, రేకపల్లి ప్రాంతాన్ని సెంట్రల్ ప్రావిన్సెస్ నుంచి తీసి మద్రాసులో కలిపారు. అంతకుముందు గొడ్డలికి నాలుగణాలు కడితే పోడు చేసుకోవచ్చు. మద్రాసు వాళ్లు ఎకరాల లెక్క పెట్టేసరికి పన్ను దాదాపు మూడింతలైంది. కొన్ని అడవుల్లో పోడే వద్దన్నారు.

1879 మార్చిలో పోలీసుల మీద, స్టేషన్ల మీద దాడులతో రంప లేచింది. ఏప్రిల్‌లో విశాఖ వైపు గొలుగొండ కొండలకు, జూలైలో రేకపల్లికి పాకింది. కారం తమ్మన్నదొర, అంబుల్‌రెడ్డి, ద్వారబంధాల చంద్రయ్య ముందు నడిచారు. అణచడానికి వందలమంది పోలీసులతో పాటు మద్రాసు పదాతి దళాలు ఆరు రెజిమెంట్లు, గుర్రపు దళం, నిజాం వైపు నుంచి హైదరాబాద్ కంటింజెంట్ దిగాయి. చంద్రయ్య, తమ్మన్నదొర 1880లోనే నేలకొరిగారు. చాలామందిని అండమాన్ పంపారు. మన్సబ్దారును తీసేసి బరంపురం తోలారు.

ఇంగ్లీషోళ్లు దీన్ని ఫితూరీ అని రాసుకున్నారు. ఇవాళ మనం పితూరీలు చెప్పడం అంటే చాడీలు చెప్పడం అనుకుంటాం. పోరాటానికి పెట్టిన పేరు మన నోట్లోనే ఎంత చిన్నదైపోయిందో చూడండి.

మరి తేడా ఎక్కడ? కొండలు రెండుచోట్లా ఉన్నాయి, ధైర్యం రెండుచోట్లా ఉంది. బసోతోలో కూడా నాయకులందరూ ఒక్క మాట మీద లేరు. నా లెక్కలో తేడా భూమి దగ్గర ఉంది. లెసోతోలో భూమి జాతి మొత్తానిది, రాజు దానికి కాపలాదారు మాత్రమే. బయటివాడికి అమ్మే వీల్లేదు. అందుకే 1910లో దక్షిణాఫ్రికా ఒక్కటైనప్పుడు కూడా అక్కడ తెల్లోళ్ల చేతిలో భూములు లేవు. రంపలో పైన కూర్చున్న మన్సబ్దారు ప్రభుత్వం మనిషి. భూమి, పశువు, పంట అప్పు కాగితం మీద పోయేవి. ముందు కాగితం కొండెక్కింది, సైన్యం దాని వెనకాల వచ్చింది.

ఆ కాపలా మనకు చట్టం రూపంలో, చాలా ఆలస్యంగా వచ్చింది. రంప తర్వాత 38 ఏళ్లకు, 1917లో, ఏజెన్సీలో వడ్డీకి హద్దు పెట్టి, ఏజెంటు అనుమతి లేకుండా గిరిజనుల భూమి బయటివాళ్లకు పోకూడదన్నారు. అది కూడా చాలక 1922లో అల్లూరి వెంట గాం గంటందొర, మల్లుదొర లేవాల్సి వచ్చింది. 1959లో ఒకటో రెగ్యులేషన్ వచ్చింది, 1963లో తెలంగాణకు వర్తించింది. 1970లో సవరించి గట్టి చేశారు. అదే మనం 1/70 అంటున్నది. దాని ప్రకారం షెడ్యూల్డ్ ఏరియాలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి, అతను వేరేలా రుజువు చేసే దాకా, గిరిజనుడి దగ్గర నుంచి వచ్చిందనే అనుకోవాలి. 1997లో సమత తీర్పు, ఆ ఏరియాలో ప్రభుత్వం కూడా ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులివ్వకూడదని చెప్పింది.

లెసోతోను స్వర్గం అనుకోకండి. అక్కడి మగవాళ్లు తరతరాలుగా దక్షిణాఫ్రికా గనుల్లో కూలికి పోయారు. 1986 ఒప్పందంతో పెద్ద డ్యాములు కట్టి నీళ్లు పక్క దేశానికి అమ్ముతున్నారు. ఆ డ్యాముల కింద ఊళ్లు పోయినవాళ్లూ ఉన్నారు. 1874లో ప్రావిన్సు మారిన రేకపల్లి, 1959లో ఖమ్మంలోకి వచ్చి, పోలవరం కోసం 2014లో మళ్లీ ఆంధ్రకు పోయింది. జనం ఉన్నచోటే ఉన్నారు, సరిహద్దులే వాళ్ల మీదుగా నడిచాయి.

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈసారి పండక్కి ఊరెళ్లినప్పుడు ఒక పని చేయండి. మీ ఇంటి పట్టా, పహాణీ లేదా అడంగల్, అటవీ హక్కుల పత్రం ఉంటే అదీ తీసి, ఎవరి పేరు మీద ఎంత ఉందో చదివి పెద్దోళ్లకు వినిపించండి. 1879లో ఆ కాగితం చదివేవాళ్లు కొండ మీద లేరు. ఇప్పుడు ఇంటికొకరున్నారు.

జోహార్ తమ్మన్నదొర. జోహార్ చంద్రయ్య.