హృదయమా? శ్వాసయా? – హైదరాబాదు క్లోరోఫారము సంఘముల కథ

దివిసీమలో వరికోతల కాలమున కాలికి కొడవలి తగులుట క్రొత్త సంగతి కాదు. ఆ గాయము చీముపట్టి, సూక్ష్మజీవుల విషము రక్తములోనికి ప్రాకి, నాలుగు దినములలో మనిషి తెలివితప్పి విజయవాడలో ఏదో ఒక ఆసుపత్రికి చేరుటయు అప్పుడప్పుడు జరుగుచుండును. వైద్యులు దీనిని సెప్సిస్ అందురు. మా కళాశాల విద్యార్థి ఒకడు తన మేనమామను అట్టి స్థితిలో చూచివచ్చి నన్ను అడిగెను: "మాస్టారూ, మా మావయ్యకి అసలే తెలివి లేదు. మళ్ళీ మత్తుమందు ఎందుకు ఎక్కిస్తున్నారు? దానివల్ల ప్రాణానికి ముప్పు లేదా?"

మొదటి ప్రశ్నకు జవాబు సులభము. గొంతులో గొట్టమునుంచి యంత్రముతో ఊపిరి ఆడించునప్పుడు రోగి పెనుగులాడును, గొట్టము పీకివేయ యత్నించును. తెలివితప్పినంత మాత్రమున బాధ లేదనుకొనరాదు. రెండవ ప్రశ్న మాత్రము చాల పాతది. దానికి సమాధానము వెదకుచు 19వ శతాబ్దమున హైదరాబాదు నగరములో వందలకొలది జంతువులను బలిపెట్టిరి.

1847 నవంబరులో ఎడింబరో వైద్యుడు జేమ్స్ యంగ్ సింప్సన్ క్లోరోఫారమును మత్తుమందుగా ప్రవేశపెట్టెను. మూడు నెలలైనను గడవకముందే, 1848 జనవరి 28న, న్యూకాసిల్ సమీపమున హానా గ్రీనర్ అను 15 ఏండ్ల బాలిక కాలిగోరు తీయించుకొనబోయి, ఆ ఆవిరి పీల్చిన కొద్ది నిమిషములలోనే మరణించెను. మందు నేరుగా హృదయమునే ఆపినదని లండనులోని జాన్ స్నో తలచెను. ఎడింబరో శస్త్రవైద్యుడు జేమ్స్ సైమ్ అనుయాయులు మాత్రము ముందు ఆగునది శ్వాసయేననియు, దానిని కనిపెట్టియున్నచో భయము లేదనియు వాదించిరి. ఇది ఊరక పండితుల తగవు కాదు. మత్తు ఇచ్చువాడు రోగి నాడిపై వ్రేలుంచవలెనా, రొమ్ము కదలికను చూడవలెనా అను విషయము దీనిపైననే ఆధారపడియుండెను.

సైమ్ శిష్యుడైన ఎడ్వర్డ్ లారీ హైదరాబాదులో రెసిడెన్సీ సర్జనుగా నుండి, అచటి వైద్య పాఠశాలకును అఫ్జల్‌గంజ్ ఆసుపత్రికిని పెద్దయై యుండెను. గట్టి పట్టుదల గల మనిషి. 1888లో ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ ప్రోత్సాహముతో మొదటి క్లోరోఫారము సంఘము ఏర్పడెను. కుక్కలకు చచ్చువరకు క్లోరోఫారమును పీల్పించి, ముందు ఏది ఆగునో చూచిరి. ప్రతిసారి శ్వాసయే ముందాగెను. హృదయము ఆ తరువాత కూడ కొంతసేపు కొట్టుకొనెను. లండనునందలి లాన్సెట్ పత్రిక దీనిని నమ్మలేదు. అప్పుడు నిజాము ప్రభుత్వము 1,000 పౌనుల ధనమిచ్చి, మీకు నచ్చిన శాస్త్రజ్ఞుని పంపి పరీక్షింపుడని ఆ పత్రికనే కోరెను!

అట్లు 1889లో వచ్చినవాడు లాడర్ బ్రంటన్. గుండెనొప్పికి అమైల్ నైట్రైటు పనిచేయునని 1867లో చూపినవాడితడే. క్లోరోఫారము హృదయమును దెబ్బతీయుననియే అతని అభిప్రాయము. (హైదరాబాదునుండి వేసిన రైలుమార్గము మన బెజవాడకు చేరినదియు ఆ యేడే.) లారీ, బ్రంటన్, బామ్‌ఫర్డ్, రుస్తుంజీ అను వైద్యులతో రెండవ సంఘము పనికి పూనుకొనెను. ఈ మారు కుక్కలే కాక కోతులు, మేకలు, గుఱ్ఱములు, పిల్లులు, కుందేళ్ళు కలిసి 400లకు మించిన జంతువులపై ప్రయోగములు జరిగెను. కొన్నింటి ధమనిలో సన్నని గొట్టముంచి, రక్తపీడనమును తిరుగుడు కాగితముపై గీతగా వ్రాయించిరి. పాఠశాలలో భూకంపలేఖిని బొమ్మను చూచినవారు దీనిని ఊహింపగలరు. ఈ యుగముననే ఆ వైద్య పాఠశాలలో చదివిన రూపాబాయి ఫర్దూంజీ, తరువాత ప్రపంచములోనే తొలి మహిళా మత్తువైద్యురాలిగా పేరొందెను.

బ్రంటన్ తన అభిప్రాయము మార్చుకొనెను. క్లోరోఫారము వలని అపాయము ఊపిరాడకపోవుటయే గాని, హృదయమునకు నేరుగా కలుగు హాని కాదని 1890లో లాన్సెట్ ప్రకటించిన నివేదిక చాటెను. మందు హెచ్చుకొలది రక్తపీడనము పడిపోవుటను వారు ఆ గీతలలో చూచిరి. అయినను దానియందు అపాయమును మాత్రము చూడలేదు. నా దృష్టిలో ఈ కథ అంతటిలోను పెద్ద పొరపాటు ఇదియే.

1893లో కేంబ్రిడ్జిలో గాస్కెల్, షోర్ అనువారు క్లోరోఫారము హృదయ కండరమునే బలహీనపరచునని చూపిరి. అసలు గుట్టు 1911లో లండనులో గుడ్‌మన్ లెవీ బయటపెట్టెను. పిల్లులకు తేలికగా క్లోరోఫారము ఇచ్చి, రక్తములోనికి అడ్రినలిన్ ఎక్కించినపుడు హృదయము కొట్టుకొనుట మాని వట్టిగా వణకసాగెను, క్షణములలో చావు. అడ్రినలిన్ భయపడినప్పుడు మన శరీరమే ఊరించు పదార్థము. హైదరాబాదులో జంతువులకు నిండుగా మత్తు ఇచ్చిరి. నిండుమత్తులో ఈ వణకు పుట్టుట అరుదు. పాపము ఆ 15 ఏండ్ల బాలికకో, నిండియు నిండని మత్తు, దానికి తోడు గుండెల నిండ భయము. ప్రయోగములు వేలున్నను, ప్రశ్నకు తగిన స్థితిని అందులో కల్పింపనిచో సత్యము చిక్కదు. అయినను శ్వాసను విడువక కనిపెట్టుమని లారీ నేర్పిన అలవాటు ఎందరి ప్రాణములనో కాపాడియుండునని ఒప్పుకొనక తప్పదు.

ఇక మేనమామ సంగతి. సెప్సిస్‌లో రక్తనాళములు సడలి వెడల్పగును, రక్తపీడనము పడిపోవును. దానిని నిలుపుటకు నారడ్రినలిన్‌ను ఎక్కించెదరు. క్లోరోఫారము నేడు వాడుకలో లేదు. ఉన్నను, అడ్రినలిన్ తోబుట్టువు నిండిన రక్తమునకు అది పనికిరాదని లెవీ పిల్లులే చెప్పినవి. 1986లో వాడుకకు వచ్చిన ప్రొపొఫాల్ పాలవలె తెల్లని మందు, త్వరగా పనిచేసి త్వరగా దిగును. కాని అదియు నాళములను సడలించును. అనగా రోగము చేయుచున్న పనినే మందును చేయును.

రక్తపీడనమును దింపని మందు లేదా? కలదు. ఎటోమిడేట్. 1970లలో దానిని వైద్యులు మెచ్చుకొనిరి. 1983లో గ్లాస్గో నగరమున లెడింగ్‌హామ్, వాట్ అను వైద్యులు లెక్కలు తీయగా, యంత్రముపై నున్న క్షతగాత్రులలో ఈ మందును గంటలకొలది ఎక్కించినవారిలో నూటికి 77 మంది, పాతమందులు పొందినవారిలో 28 మంది మరణించినట్లు తేలెను. కారణము హృదయమున లేదు, శ్వాసలోను లేదు. మూత్రపిండములపై నుండు అధివృక్క గ్రంథులలో కార్టిసాల్ తయారగుటకు కావలసిన ఎంజైమునొకదానిని ఆ మందు అడ్డగించును. కార్టిసాల్ లేనిదే శరీరము పెద్ద ఆపదను తట్టుకొనలేదు. సైమ్ గాని స్నో గాని చూడని మూడవ తావు ఇది. నేడు ఎటోమిడేట్‌ను గొట్టము వేయునప్పుడు ఒక్క మోతాదుగా ఇచ్చుటయే గాని, దినములతరబడి ఎక్కించుట లేదు.

డెక్స్‌మెడిటోమిడిన్ మరియొక జాతి. దీనితో రోగి నిదురించును, పిలిచిన పలుకును. కాని నాడి మందగించును. ఇది ప్రొపొఫాల్‌కంటె మేలా? యంత్రముపై నున్న సెప్సిస్ రోగులు 422 మందిపై అమెరికాలోని 13 ఆసుపత్రులలో జరిగిన పరీక్ష ఫలితము 2021లో వెలువడెను. తెలివితో బ్రతికియున్న దినములలో గాని, మరణములలో గాని రెంటికిని చెప్పుకొనదగిన భేదము కనబడలేదు. ఈ పరీక్ష ఆరోగ్యముగల కుక్కలపై గాక రోగులపైననే జరిగినది; ఎవరికి ఏ మందో చీట్లు వేసినట్లు పంచిరి. రెండు వర్గములలోను మత్తును తేలికగానే ఉంచిరి.

మా విద్యార్థి మేనమామకు ఒక ప్రక్క ప్రొపొఫాల్, ఒక ప్రక్క నారడ్రినలిన్ ఎక్కుచుండెను. మంచము తలవైపు తెరపై రెండు గీతలు: ఒకటి ధమనిలోని పీడనము, ఒకటి శ్వాస. నర్సు రెంటిని చూచి గంటగంటకు మోతాదు సవరించుచుండెనట. అయిదవనాడు గొట్టము తీసివేసిరి. మొదట మంచినీళ్ళు అడిగెనట.