నీళ్లు పారిన చోటికి, పని దొరికిన చోటికి

ఈ పూట ఎరువుల సంగతి, పురుగుమందుల సంగతి పక్కన పెట్టి, మనుషుల వలస గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. వలసకూ సేద్యానికీ ఏం సంబంధం అంటారేమో. ఇవాళ మీ మడిలో నాటు వేస్తున్న మనిషి ఏ ఊరివాడో తలుచుకోండి. సంబంధం మీకే బోధపడుతుంది.

బతుకుతెరువు కోసం ఊరు విడవడం మనకు కొత్త కాదు. మంజీర మీద నిజాంసాగర్ కట్టడం 1923లో మొదలై 1931లో ముగిసింది. కాలువలు వచ్చాయి గాని, అంత మాగాణిని ఒక్కసారిగా సాగులోకి తేవాలంటే అలవాటున్న చేతులు కావాలి గదా. కృష్ణా, గుంటూరు జిల్లాల రైతులు అక్కడ ఉన్న కాస్త పొలం అమ్ముకుని, ఆ డబ్బుతో బోధన్, వర్ని ప్రాంతాల్లో అంతకన్నా ఎక్కువ భూమి కొన్నారు. వాళ్లు దిగిన చోట్లకు “క్యాంపు” అనే పేరే నిలిచిపోయింది. 1953లో తుంగభద్ర నీళ్లు వదిలాక గంగావతి, సింధనూరు వైపు కన్నడసీమలో కూడా తెలుగువారి క్యాంపులు వెలిశాయి. వరి సాగు పట్టుకుని వెళ్లినవాళ్లు, జొన్నరొట్టెకు అలవాటు పడ్డారు. ఇచ్చిపుచ్చుకోవడమంటే అదే.

హైదరాబాదు అయితే 1591లో పుట్టిననాటినుంచీ వచ్చేవారి ఊరే. ఇరానువారు, అరబ్బులు, హబ్షీలు, కాయస్థులు, మార్వాడీలు వచ్చారు. పెళ్లి ఊరేగింపులో మోగే మర్ఫా వాద్యం అరబ్బులూ హబ్షీలూ తెచ్చిందే. ఇవాళ దాన్ని పరాయిదని ఎవరనుకుంటున్నారు?

ఈ నగరానికి పడమట మాదాపూర్ ఒకనాడు రాళ్లగుట్టల మధ్య పల్లె. 1992లో అక్కడ శిల్పారామం వెలిసింది. 1998 నవంబరు 22న ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి సైబర్ టవర్స్ ప్రారంభించారు. అక్కడినుంచి హైటెక్ సిటీ గచ్చిబౌలి, నానక్‌రాంగూడ దాకా పాకింది. కంప్యూటర్ పని కోసం గుంటూరు, వరంగల్ పిల్లలతో పాటు తమిళులు, ఒడియావారు, బెంగాలీలు, ఢిల్లీవారు వచ్చారు. వారికి మేడలు కట్టడానికి పాలమూరు, శ్రీకాకుళం కూలీలు, ఆ తర్వాత ఒడిశా, బీహారు, ఝార్ఖండ్ కూలీలు వచ్చారు.

పదిమంది ఒకచోట చేరితే పండుగలూ చేరతాయి. 2009లో బంజారాహిల్స్‌లో ఒడియావారి జగన్నాథాలయం వెలిసింది. హుస్సేన్‌సాగర్ ఒడ్డున బీహారు ఆడవాళ్లు ఛఠ్ పూజ చేస్తారు. బతుకమ్మ నాడు మేడల ముంగిట తెలుగురాని కోడళ్లు కూడా చప్పట్లు కలుపుతారు. సాయంత్రం రోడ్డు పక్కన జొన్నరొట్టెలు కాలుస్తుంటే ఏ రాష్ట్రంవాడైనా ఆగి కొనుక్కుంటాడు. రైతు ఇక్కడ చెవి ఒగ్గాలి. సైబర్ టవర్స్ తెరిచిన రెండు నెలలకే, 1999 జనవరి 26న, మన రైతుబజార్లు మొదలయ్యాయి. తినేవాళ్లు మారితే అడిగే కూర మారుతుంది. కూరగాయలు తెచ్చేవారు దాన్ని కనిపెట్టి ఉండాలి.

అయితే కలయిక అంతా తీపి అని చెప్పలేం. 1952లో ముల్కీ ఆందోళన, 1969లో తెలంగాణ ఉద్యమం వచ్చాయి. స్థానికుడికి దక్కవలసిన ఉద్యోగం పైవాడికి పోతున్నదన్న బాధ వాటికి మూలం. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం ఏర్పడే దాకా ఆ మాట చల్లారలేదు. న్యాయంగా పంచుకోని చోట పక్కపక్కనే బతికినా మనసులు కలవవు.

2020 సంగతి మీకు గుర్తే. కరోనా లాక్‌డౌన్‌లో మేడలు కట్టే పని ఆగింది, కూలీకి కూడు ఆగింది. మే 1న దేశంలో మొట్టమొదటి శ్రామిక్ రైలు హైటెక్ సిటీ పక్కనున్న లింగంపల్లి స్టేషనునుంచే బయలుదేరి, దాదాపు 1200 మందిని ఝార్ఖండ్‌లోని హటియాకు చేర్చింది. వారానికే, మే 8న, బీహారులోని ఖగారియా నుంచి రెండువందలమందికి పైగా హమాలీలు అదే లింగంపల్లిలో దిగారు. ఎందుకు? యాసంగి వడ్లు మిల్లుల్లో పేరుకుపోతున్నాయి, బస్తా ఎత్తే చెయ్యి లేదు. మనం వాళ్లకు బతుకు ఇస్తున్నామనుకుంటాం. మన ధాన్యాన్ని కదిలించింది వాళ్ల భుజాలు.

అంచేత మీకు నా మనవి ఇది. నాట్లకు వచ్చే ముఠాతో కూలి రేటు ముందే, అందరి ఎదుట, చెప్పుకోండి. మేస్త్రీ చేతికే కాక మనిషి మనిషికీ అందిందా అని విచారించండి. తాగునీరు, నీడ, రాత్రి పడుకోవడానికి పొడి చోటు చూపండి. విస్తరణ మిత్రులు ఇంకొక పని చేయాలి. ఒకే దేశం ఒకే రేషన్ కార్డు పద్ధతి కింద, సొంత రాష్ట్రపు కార్డు మీదే ఇక్కడి చౌకధరల దుకాణంలో బియ్యం దొరుకుతుందని వారికి హిందీలో చెప్పించండి.

మన తాతలు క్యాంపుల్లో దిగిననాడు వాళ్లూ పరాయివాళ్లే. నాడు నీళ్లు పారిన చోటికి మనం వెళ్లాం. నేడు పని దొరికిన చోటికి వాళ్లు వచ్చారు. ఇంతే తేడా.