రిజిస్టర్లో లేని అమ్మ

మా హోం మూతపడి చాలా ఏళ్ళయింది. పాత సామాను తీసేస్తుంటే రిజిస్టర్లు బయటపడ్డాయని, చూసుకోవాలనుంటే రమ్మని అక్కడ గుమాస్తాగా చేసినాయన కబురు పెట్టాడు. వెళ్ళాను. నా పేజీ కోసం వెతకాల్సిన పని లేకపోయింది. నా నంబరు 41. కంచం మీద, లంగా అంచు మీద, ట్రంకుపెట్టె మీద పన్నెండేళ్ళు అదే నంబరు.

పేరు. పుట్టిన తేదీ, జూన్ ఒకటి (మాలో సగం మందిమి జూన్ ఒకటినే పుట్టాం!). కులం. తండ్రి పేరు, దాని పక్కన 'లేటు'. తల్లి పేరుకి అసలు గడే లేదు. చివర్లో ఎర్రసిరాతో 'అనాథ' అని ఉంది. దాని కింద వేలిముద్ర. ఆ వేలిముద్ర మా అమ్మది.

1977 నవంబర్ 19, శనివారం. దివిసీమ వాళ్ళకి ఆ తేదీ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. సముద్రం ఊళ్ళమీదికొచ్చింది. ప్రభుత్వ లెక్కల ప్రకారమే పదివేల మంది దాకా పోయారు. ఊళ్ళవాళ్ళు ఆ లెక్కని ఇప్పటికీ నమ్మరు. నాన్న, తమ్ముడు పోయారు. అమ్మ, నేను తుమ్మచెట్టు పట్టుకుని మిగిలాం. ముళ్ళు గీరుకున్న మచ్చలు అమ్మ చేతుల మీద ఇప్పటికీ ఉన్నాయి. నాకప్పుడు ఆరేళ్ళు.

తర్వాత కొన్ని నెలలకి, దూరంగా ఉన్న పట్నంలో పిల్లల్ని చేర్చుకుంటున్నారని ఎవరో చెప్తే అమ్మ నన్ను తీసుకెళ్ళింది. పొలాల్లో ఉప్పునీరు నిలిచింది, కూలిపని లేదు. నన్ను అక్కడ వదిలితే కనీసం నేనైనా తింటాననుకుంది. తల్లిదండ్రుల్లేని పిల్లల్నే చేర్చుకుంటాం అన్నారట. 'నేను లేననే రాసుకోండి' అందట అమ్మ. రాసుకున్నారు. మరి లేనిదాని వేలిముద్ర ఎందుకు వేయించుకున్నారో ఈ రోజుకీ నాకర్థం కాదు.

హోం అంటే అన్నీ కన్నీళ్ళే అనుకుంటారు చాలామంది. అలా ఏం ఉండదు. గోధుమనూక ఉప్మా ఉండేది, రాత్రిళ్ళు దుప్పట్లో చెప్పుకునే దయ్యాల కథలు ఉండేవి. చేరినరోజే పేలమందు కొట్టి జుట్టు కత్తిరించేవాళ్ళు. అది మాత్రం ఏడుపే. పెద్దపిల్ల ఒక్కొక్కత్తికి ఇద్దరు చిన్నపిల్లల్ని అప్పజెప్పేవాళ్ళు. నన్ను పెంచిన అక్కకి అప్పుడు పన్నెండేళ్ళు. ముక్కు చీదడం, జడ వేయడం, రాత్రి పక్క తడిపితే తెల్లారేలోగా ఎవరికీ తెలియకుండా ఉతికెయ్యడం అన్నీ ఆమే. పన్నెండేళ్ళొచ్చాక నాకూ ఇద్దరు పిల్లలొచ్చారు. మగపిల్లల హాల్లో ఈ పద్ధతి లేదు, వాళ్ళకి జీతమిచ్చి ఆయాని పెట్టారు. జీతం లేని ఆయాలం మేం. నేను పెద్దమనిషినైన రోజు పాతచీర ముక్కలు చేతిలో పెట్టి మూడురోజులు వంటగదిలోకి రావద్దన్నారు. వంటమనిషి మాత్రం చీకటిపడ్డాక పైటచెంగులో దాచి చిమ్మిలి ఉండ తెచ్చిచ్చింది. 'ఎవరికీ చెప్పకే' అంది. ఇన్నేళ్ళకి ఇప్పుడు చెప్తున్నాను.

ఏటా డిసెంబర్లో విదేశీ దాతలకి ఉత్తరాలు రాయాలి. బోర్డు మీద ఇంగ్లీషులో రాసేవాళ్ళు, మేం చూసి దించేవాళ్ళం. అక్షరాలు గుండ్రంగా ఉన్నాయని నాకు పెన్సిల్ బహుమతి కూడా ఇచ్చారు. ఏం రాస్తున్నానో ఏడో తరగతిలో తెలిసింది. మా అమ్మ నాన్నా చనిపోయారు, మీరే నాకు దిక్కు అని రాసి ఉంది. ఆ ఆదివారమే అమ్మ వచ్చింది, తేగలు పట్టుకుని. బస్సు దిగి ఎండలో నడిచొచ్చిన మనిషి. ఆమె మొహం చూడలేకపోయాను. 'నువ్వు రాకు, నువ్వొస్తే నన్ను తీసేస్తారు' అన్నాను. అప్పటిదాకా ఎవరూ తీసేస్తామని అనలేదు. ఆ మాట నేనే కల్పించాను. అమ్మ మూడు నెలలు రాలేదు.

అనాథ అంటే నాథుడు లేనిది. నాథుడంటే మగవాడు, కాపాడేవాడు. ఆ లెక్కన మా అమ్మా అనాథే, నేనూ అనాథనే. రిజిస్టరు రాసినవాళ్ళు సంస్కృతం తెలిసి రాశారని కాదు గానీ, భర్తపోయిన కూలిమనిషి తల్లి కింద లెక్కకి రాదన్న నమ్మకం ఆ మాటలోనే ఉంది. చట్టం అంత కూడా అనలేదు. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం ప్రకారం సహజ సంరక్షకుడు తండ్రి, ఆయన తర్వాత తల్లి. తండ్రి బతికుండగా కూడా తల్లి సంరక్షకురాలు కావచ్చని సుప్రీంకోర్టు చెప్పడానికి గీతా హరిహరన్ కేసు, 1999 దాకా పట్టింది. కానీ నా విషయంలో 1956 చట్టమే సరిపోయేది. నాన్న పోయాడు కాబట్టి నేను అమ్మ పిల్లని. 2015 నాటి బాలల న్యాయ చట్టం మాత్రం, పెంచే సామర్థ్యం లేని సంరక్షకులున్న పిల్లల్ని కూడా అనాథలనే నిర్వచనంలోకి తెచ్చింది. సామర్థ్యం అన్న మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మా అమ్మకి లేనిది సామర్థ్యం కాదు, డబ్బు. ఇప్పుడు మిషన్ వాత్సల్య కింద భర్త చనిపోయిన తల్లుల పిల్లలకి, ఇంట్లోనే ఉండి చదువుకోవడానికి నెలకి 4 వేల రూపాయలిచ్చే ఏర్పాటుంది. ఎంతమందికి అందుతోందన్నది వేరే మాట. నా పేరు మీద వచ్చిన విరాళంలో సగం మా అమ్మ చేతిలో పెట్టి ఉంటే అనే ఆలోచన అప్పట్లో ఎవరికీ రాకపోవడమే నాకు ఆశ్చర్యం.

మన దగ్గర ఇలాంటి ఇళ్ళ చరిత్ర చిన్నదేం కాదు. రాజమండ్రిలో వీరేశలింగం వితంతు శరణాలయం, 1922లో గుంటూరులో ఉన్నవ దంపతులు పెట్టిన శారదానికేతన్, 1937లో మద్రాసులో దుర్గాబాయి మొదలుపెట్టిన ఆంధ్ర మహిళాసభ. వాటివల్ల చదువుకున్న ఆడవాళ్ళని చిన్నబుచ్చడం నా ఉద్దేశం కాదు. నేనూ హోంలోనే చదువుకున్నాను, లేకపోతే ఈ వ్యాసం రాసేదాన్ని కాదు. కానీ మనం చదివేవి స్థాపకుల జీవితచరిత్రలు. 1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' వేసినప్పుడు సాయుధ పోరాటంలో ఉన్న ఆడవాళ్ళ మాటలు మొదటిసారి వాళ్ళ నోటివెంటే విన్నాం. ఆ పుస్తకం చదివినప్పటినుంచీ నాకు ఒకటే గుంజాటన. మా హాల్లో పడుకున్న అరవైమంది ఆడపిల్లల్ని ఎవరడుగుతారు? పద్దెనిమిదేళ్ళు నిండగానే కట్నం అక్కర్లేదంటూ వచ్చినవాళ్ళకిచ్చి పెళ్ళి చేసిన పిల్లల్ని? వరసలో నిలబెట్టి చూపించేవాళ్ళు. నన్ను పెంచిన అక్కని అలాగే రెండో పెళ్ళివాడికిచ్చారు. తర్వాత ఆమె ఎక్కడుందో తెలియలేదు. రిజిస్టర్లో ఆమె పేజీ చివర 'వివాహమైనది' అని ఉంది. అంతే.

అమ్మ నా దగ్గరే ఉంటోంది. ఆమె పేరు ఇక్కడా రాయడం లేదు. 'తల్లి వదిలేసిందంటారు, నా పేరు రాయకు' అంది. ఫోన్లో తీసుకొచ్చిన పేజీ ఫొటో చూపించాను. అద్దాలు పెట్టుకుని, వేలిముద్రని చాలాసేపు చూసింది.

"ఆ సిరా వారం దాకా పోలేదు" అంది. "అన్నం కలుపుకునేటప్పుడల్లా కనబడేది."