అయ్యవారికి ఏమిద్దాం? – క్రిస్మస్ దినాలలో ఒక ధ్యానం



డిసెంబరు వచ్చింది. బళ్ళలో సెమీ క్రిస్మస్ జరిగే రోజులు. ఈ రోజుల్లో మన తీరపు ఊళ్ళలో తల్లులు ఒకరినొకరు అడుగుతుంటారు: "ఈసారి టీచరమ్మకు ఏమిద్దాం? చీర పెడదామా? తలా కొంచెం వేసుకుందామా?" ఇది చిన్న ప్రశ్నలాగే కనిపిస్తుంది. అయితే పండుగనాడు పంతులుకు ఏదైనా ఇవ్వాలనే ఆలోచన నిన్న మొన్న పుట్టింది కాదు. దాని వెనక రెండు వందల ఏళ్ళకు పైబడిన కథ ఉంది. ఆ కథ తెలిస్తే మనం ఏమివ్వాలో మాత్రమే కాదు, ఎలా ఇవ్వకూడదో కూడా తెలుస్తుంది. అందుకే ఈ వారం దాన్ని కలిసి ధ్యానిద్దాం.

మన నెల్లూరు వైపు పెద్దవాళ్ళు ఇప్పటికీ బడిపంతులును "అయ్యవారు" అనే పిలుస్తారు. ఆ మాట వీధిబడి కాలం నుంచి వచ్చింది. అప్పట్లో సర్కారు బడి లేదు, సర్కారు జీతం లేదు. ఎవరి ఇంటి అరుగు మీదనో, చెట్టు కిందనో అయ్యవారు కూర్చుంటే పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దేవారు. మద్రాసు గవర్నరుగా ఉన్న థామస్ మన్రో 1822లో జిల్లాల కలెక్టర్లందరినీ బళ్ళ లెక్కలు అడిగాడు. నెల్లూరు కలెక్టరు కూడా మన జిల్లా లెక్క రాసి పంపాడు. అన్నీ కూడి 1826లో మన్రో చెప్పిన సంఖ్య: రాజధాని మొత్తం మీద 12,498 బళ్ళు. అదే నివేదికలో ఆయన ఇంకొక మాట కూడా రాశాడు. ఈ పంతుళ్ళకు నెలకు ఆరేడు రూపాయలకు మించి రావడం లేదు, అంత తక్కువకు తగినవాళ్ళు ఈ పనికి రారు అన్నాడు.

ఆ ఆరేడు రూపాయలు కూడా ఒక్కచోట నుంచి వచ్చేవి కావు. ఒక ఇంటి నుంచి కొన్ని అణాలు, ఇంకొక ఇంటి నుంచి కొలిచి పోసిన ధాన్యం. మిగిలిన లోటు పండుగనాడు పూడాలి. అందుకే దసరా వచ్చిందంటే అయ్యవారు పిల్లలను వెంటబెట్టుకొని ఇల్లిల్లూ తిరిగేవారు. పిల్లల చేతుల్లో రంగుకాగితాలు అంటించిన విల్లంబులు, బుక్కాగుండ, నోట దసరా పద్యాలు. ఆ పద్యాల వరస ఎలా ఉండేదంటే, ఈరోజు లేదు రేపు రండి అనడానికి ఇంటి యజమానికి వీలుండేది కాదు. అయ్యవారికి డబ్బు, పిల్లలకు పప్పుబెల్లాలు. దీన్నే దసరా మామూలు అనేవారు.

ప్రియులారా, ఆ మామూలును మనం తేలికగా చూడకూడదు. అది లంచం కాదు. చేసిన పనికి ఆలస్యంగా అందిన కూలి. పనివాడు తన జీతానికి పాత్రుడని ప్రభువే చెప్పాడు (లూకా 10:7). అయితే ఆ ఏర్పాటులో ఒక బరువుంది. తన కూలి కోసం గురువు గడపగడపకూ వెళ్ళి నిలబడాలి. ఎవరి ఇల్లు ఎంతిచ్చిందో పిల్లలంతా కళ్ళారా చూస్తారు. మరునాడు అదే అరుగు మీద ఎక్కువ ఇచ్చిన ఇంటి పిల్లవాడూ తక్కువ ఇచ్చిన ఇంటి పిల్లవాడూ పక్కపక్కన కూర్చోవాలి.

ఇంకొక మాట కూడా చెప్పుకోవాలి. ఆ ఊరేగింపులో మన పితరులు చాలామంది లేరు. మాల, మాదిగ పల్లెల పిల్లలకు ఆ అరుగు దగ్గర చోటు దాదాపు లేదు. బడిలో చోటు లేనివాడికి పంతులుకు కానుక ఇచ్చే భాగ్యం కూడా ఉండదు కదా.

ఇక్కడ నుంచి కథ మన సంఘాల చరిత్రలోకి వస్తుంది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే దొరగారు 1840లో నెల్లూరు వచ్చి స్థిరపడ్డారు. జాన్ క్లౌ దొరగారు 1866లో ఒంగోలు వెళ్ళారు. ఒంగోలు అప్పుడు నెల్లూరు జిల్లాలోనిదే, ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లో. ఒంగోలులో ఆయన బడికి బ్రాహ్మణ కుటుంబాలు కూడా పిల్లలను పంపాయి. అంతలో మాదిగ పల్లెల నుంచి జనం ప్రభువును నమ్ముకొని రావడం మొదలైంది. వాళ్ళను చేర్చుకుంటే మా పిల్లలను మానిపిస్తామని ఊరి పెద్దలు అన్నారు. ఆ సమయంలో దొరగారూ దొరసానిగారూ వేర్వేరుగా బైబిలు తెరిస్తే, ఇద్దరికీ 1 కొరింథీయులకు మొదటి అధ్యాయం 26వ వచనం దగ్గరి మాటలే కనబడ్డాయని ఆయన తన జీవితకథలో చెప్పుకున్నారు. లోకం ఎన్నికలేనివారని చూసినవారిని దేవుడు ఏర్పరచుకున్నాడని చెప్పే మాటలవి. ఆయన పల్లెలవారిని చేర్చుకున్నారు. పెద్ద ఇళ్ళ పిల్లలు బడి విడిచి వెళ్ళిపోయారు.

1872లో మన తీరాన రామాయపట్నంలో వేదాంత పాఠశాల మొదలైంది. అక్కడా, ఇతర మిషను బళ్ళలోనూ చదువుకున్నవాళ్ళు పల్లెలకు వెళ్ళారు. ఆదివారం బోధకుడు, మిగిలిన రోజుల్లో పంతులు, చాలాచోట్ల ఒక్క మనిషే. పగలు పశువుల వెంట, కూలిపనికి వెళ్ళే పిల్లలకు చీకటి పడ్డాక దీపం దగ్గర చదువు. ఆ పంతులుకు మిషను ఇచ్చేది కొంచెం. మిగతాది పల్లె పెట్టాలి. డబ్బు లేని పల్లె గింజలు పెట్టింది. వాక్యం నేర్చుకొనేవాడు నేర్పేవాడికి తన మంచివాటన్నిటిలో పాలు పంచాలని పౌలు రాసిన మాట (గలతీయులకు 6:6) మన పితరులు అలా నెరవేర్చారు. తమ పిల్లవాడు మొదటిసారి తన పేరు రాసుకున్న పలకకు ఎదురుగా వాళ్ళు పెట్టిన గింజలవి. అంతకంటె గౌరవమైన కానుకను మనం తలచుకోలేం.

తరువాత 1876-78 కరవు వచ్చింది. పెట్టడానికి గింజలే లేవు. క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ పని ఒప్పుకొని ఆకలిగొన్నవాళ్ళకు పని చూపించారు. బోధకులే మేస్త్రీలుగా నిలబడ్డారు. ఈరోజు మన ఊళ్ళ పక్కన సముద్రానికి సమాంతరంగా సాగే కాలువ అదే. ఆ దినాల్లో వేలమంది బాప్తిస్మం అడిగారు. ఆయన ఇవ్వలేదు. సహాయం నడిచినంత కాలం, పదిహేను నెలలపాటు, బాప్తిస్మాలు ఆపివేశారు. ఎందుకు? అన్నం కోసం వచ్చారో ప్రభువు కోసం వచ్చారో తెలియాలని. చేతిలో పెట్టే మేలుకూ హృదయం ఇచ్చే జవాబుకూ మధ్య బేరం దూరకూడదని. కరవు పని ముగిసిన తరువాత, 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

బిడ్డ పంతులుకు ఇచ్చే కానుకకూ దీనికీ ఏమి సంబంధం అంటారా? సంబంధం ఉంది. ఇచ్చేదానికీ ఆశించేదానికీ మధ్య ఖాళీ ఉంచాలనేదే ఆ సంబంధం. న్యాయాధిపతుల గురించి మోషే చెప్పిన హెచ్చరిక, కానుక జ్ఞానుల కన్నులకు సైతం గుడ్డితనము కలుగజేయునన్నది (ద్వితీయోపదేశకాండము 16:19). మార్కులు వేసే చెయ్యి కూడా ఒక న్యాయాధిపతి చెయ్యే.

ఇప్పుడు కాలం మారింది. సర్కారు బడిలో పనిచేసే టీచరుకు నెలజీతం ఉంది. 1964 నాటి ఆంధ్రప్రదేశ్ ఉద్యోగుల ప్రవర్తనా నియమాల్లో కానుకలు తీసుకోవడం మీద కట్టుబాట్లు కూడా ఉన్నాయి. మనం ఖరీదైనది పట్టుకెళ్తే ఆమెను ఇబ్బందిలో పెట్టినట్టే. పూర్వం కూలి, మామూలు, కృతజ్ఞత ఒకే మూటలో ఉండేవి. ఇప్పుడు కూలి వేరే దారిన వస్తోంది. మామూలు అవసరం తీరిపోయింది. మిగిలింది కృతజ్ఞత ఒక్కటే. దాన్ని శుద్ధంగా ఇచ్చే అవకాశం మన పితరులకు దొరకలేదు, మనకు దొరికింది. తలా ఇంత అని వసూలు పెట్టి దాన్ని మళ్ళీ మామూలుగా మార్చుకోవద్దు. వేట లేని నెలలో ఆ కొంచెం కూడా లేని ఇంటి బిడ్డ ఆరోజు బడి మానేస్తుంది. రొయ్యల గుంట మునిగినవాడి కొడుకు తల దించుకుంటాడు. బంగారు ఉంగరం పెట్టుకున్నవాడికి మంచి చోటు చూపించవద్దని యాకోబు మనకు చెప్పలేదా (యాకోబు 2:1-4)?

అలాగైతే ఏమిద్దాం? మాకు తోచిన నాలుగు మాటలు.

మొదటిది, బిడ్డ చేతిరాత. "మీరు నేర్పిన ఎక్కం నాకు వచ్చింది", "నేను జ్వరంతో ఉంటే మీరు కనుక్కున్నారు" అని ఒక సంగతి పట్టుకొని రెండు వాక్యాలు తెలుగులో రాయించండి. తప్పులుంటే ఉండనివ్వండి. అక్షరం నేర్పినవారికి అక్షరమే తిరిగి ఇవ్వడం కంటె తగినది లేదు. చదువు రాని తల్లిదండ్రులైతే వెళ్ళి నోటితో చెప్పండి, అది చాలు.

రెండవది, పండుగ పళ్ళెం. ఇరుగుపొరుగుకు పంచే అరిసెలు, కజ్జికాయలే అయ్యవారికీ పంచండి. అందరికీ ఇచ్చేదే ఆయనకూ ఇస్తే అది ఆనందంలో పాలు. ఆయనకు మాత్రమే వేరుగా, బరువుగా ఇస్తే అది వేరే అర్థం చెబుతుంది.

మూడవది, ఏదైనా కొనాలనే ఉంటే తరగతికి కొనండి. ఒక గోడ పటం, నాలుగు కథల పుస్తకాలు, ఒక మొక్క. ఎవరు ఎంతిచ్చారో రాయకుండా అందరి పేరున ఇవ్వండి. ఇవ్వలేని బిడ్డ చేత ఆ మొక్కకు నీళ్ళు పోయించండి, అతని భాగం అతనికి ఉంటుంది.

నాలుగవది ప్రైవేటు బడి విషయం. అక్కడ టీచరు జీతం మనం కట్టే ఫీజులోనుంచే వస్తుంది, చాలాచోట్ల అది తక్కువ కూడా. కాబట్టి ఫీజు బాకీ పెట్టి చీర పట్టుకెళ్ళడం కానుక కాదు. కట్టగలిగి ఉండి ఆపినవాళ్ళు పండుగకు ముందే కట్టేయండి. కట్టలేని ఇల్లు మీకు తెలిస్తే నలుగురు కలిసి నిశ్శబ్దంగా ఆదుకోండి. అలాగే జీతమే లేని మన సండేస్కూలు టీచర్లను, బడిలో అన్నం వండే ఆయమ్మను మరవకండి.

ఇచ్చేముందు ఒక్క ప్రశ్న వేసుకుందాం: ఈ కానుక అందరి ముందూ ఇవ్వగలమా? బిడ్డకు మార్కులు తక్కువ వచ్చినా ఇదే ఇస్తామా? అవునంటే సంతోషంగా ఇవ్వండి, సంతోషంగా ఇచ్చేవారిని దేవుడు ప్రేమిస్తాడు. కాదంటే ఆగండి.

ప్రార్థన: పరలోకమందున్న తండ్రీ, చీకటిలో దీపం పెట్టి మా పితరులకు అక్షరం నేర్పినవారి కోసం నీకు స్తోత్రములు. ఈరోజు ఎండలో బస్సెక్కి మా పల్లెలకు వచ్చి మా బిడ్డలకు చదువు చెప్పేవారిని దీవించుము. మా ఇచ్చుటలో బేరము లేకుండా చేయుము. ఏమీ తేలేని బిడ్డ ఆ దినమున సిగ్గుపడకుండా కాపాడుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.

మీ అందరికీ క్రిస్మస్ శుభములు.